కొమ్మ కొట్టించాక

జనవరి 9
పైవాటాలో అద్దెకుండే లిఫ్ట్ మెకానిక్, మా లిఫ్ట్ బాబాయి పొద్దున్నే తలుపు తట్టాడు. మా పెరట్లో చెట్టుకున్న పెద్ద కొమ్మ కొట్టించవచ్చా అని అడిగాడు. వాళ్లక్క టీచరమ్మ తుంటి విరిగి మంచమెక్కి ఉన్న గదిలోకి ఎండ సరిగా రావడం లేదట. అడ్డం ఆ కొమ్మేనట.

నా మొక్క ఉన్నది ఆ కొమ్మ నీడలోనే. ఈ చుట్టుపక్కల అడవుల్లో చెట్ల కింద పెరిగే జాతి. మూడాకులు, మధ్యలో ఒకే తెల్లపువ్వు. వసంతంలో పూసి, ఎండలు ముదిరేసరికి ఆకులతో సహా మాయమై మట్టిలో దుంపగా పడుకుంటుంది. పెట్టి ఆరేళ్లయింది. ఇంతవరకూ మొగ్గ లేదు. ఓపిక పట్టమ్మా అన్నాడు నర్సరీ ఆయన. పడుతూనే ఉన్నాను.

ఆలోచించి చెప్తానన్నాను. బాబాయి ముఖం చిన్నబోయింది.

జనవరి 10
మనిషి ముఖ్యమా మొక్క ముఖ్యమా అన్నారు మావారు. అలా అడిగితే ఎవరైనా ఏం చెప్తారు? అడగడమే తప్పు. ఈ ఆలోచనతోనే, నేను పనిచేసే పళ్ల ల్యాబ్‌లో ఎవరిదో కట్టుడు పళ్ల సెట్టులో కుడిపన్ను ఎడమకు, ఎడమది కుడికి పెట్టేశాను. ఇంకా మైనంలోనే ఉంది, మార్చుకోవచ్చు కాబట్టి బతికిపోయాను.

జనవరి 12
సరేనన్నాను.

జనవరి 19
కొట్టేశారు. రంపం ఆగాక చూస్తే పెరడు మాది కానట్టుంది. చలికాలం కదా, మొక్క ఇంకా మట్టిలోనే ఉంది, తేడా ఇప్పుడు తెలియదు. ఎండాకాలంలో ఉంది అసలు సంగతి. మంచిపని చేశానా, మొహమాటానికి పోయానా?

మార్చి 6
మొగ్గ!!! మావారిని చెయ్యి పట్టి లాక్కొచ్చి చూపించాను. బఠాణీ గింజంత ఉంది, దీనికేనా ఇంత గోల అన్నారు.

తలెత్తితే టీచరమ్మ కిటికీకి మందపాటి కర్టెన్. పొద్దున మూసి ఉంది. మధ్యాహ్నమూ మూసే ఉంది. నిద్రపోతోందేమో.

మార్చి 14
పూసింది. కర్టెన్ మాత్రం తియ్యలేదు. వారం నుంచి చూస్తున్నాను. ఒళ్లు మండుతోంది. మరి ఎవరికోసం కొట్టించినట్టు?

మార్చి 15, సాయంత్రం
ఉండబట్టలేక పైకి వెళ్లాను. బాబాయి మందుల షాపుకు వెళ్లాడట, టీచరమ్మ ఒక్కర్తే ఉంది. ఎండ బాగా వస్తోందా అండీ అని కాస్త పుల్లవిరుపుగానే అడిగాను. ఎండ కావాలని నేనెప్పుడడిగానే అంది!

పగలంతా ఆ ఆకుల నీడలు సీలింగ్ మీద కదులుతుంటే చూస్తూ పడుకునేదట. ఇప్పుడు గోడ మీది ఎండ తెల్లగా కళ్లలో కొడుతోందట. అందుకే కర్టెన్. తమ్ముడు బాధపడతాడని నోరు విప్పలేదట. నువ్వూ చెప్పకు అని ఒట్టు వేయించుకుంది.

నా మొక్క పూసిందని చెప్తే, పువ్వు వాసన ఎలా ఉంటుందని అడిగింది. ఏ వాసనా లేదన్నాను. అయితే నాకు పోయిందేం లేదులే అని నవ్వింది. ఏడవాలో నవ్వాలో తెలియక కిందికి వచ్చేశాను.

మార్చి 16
మెట్ల మీద బాబాయి ఎదురయ్యాడు. చెప్పకూడదనుకుంటూనే చెప్పేశాను. ఒట్టు ఏ గంగలో కలిసిందో.

బాబాయి మెట్టు మీదే కూలబడ్డాడు. అక్క అడగలేదమ్మా, నాకే కావాల్సొచ్చింది అన్నాడు. పొద్దస్తమానం ఆ చీకట్లో ఆవిడ పక్కన కూర్చుంటే ఊపిరాడేది కాదట. నాకోసమంటే నువ్వు ఒప్పుకునేదానివా అన్నాడు.

ఒప్పుకునేదాన్నా? ఏమో. కోపం ఎవరి మీద తెచ్చుకోవాలో కూడా అంతు పట్టడం లేదు.

ఏప్రిల్ 21
ఎండ సూటిగా మొక్క మీదే పడుతోంది. ఆకుల అంచులు పసుపు తిరిగాయి. పడుకునే వేళయిందా, మాడిపోతోందా? రెండింటికీ అదే రంగు. నర్సరీకి ఫోన్ చేస్తే, వచ్చే వసంతం దాకా తేలదు, తవ్వి మాత్రం చూడొద్దు అన్నాడాయన. బాబాయి రోజూ బతుకుతుందా అని అడుగుతున్నాడు. పొద్దున ఔనంటున్నాను, సాయంత్రం కాదంటున్నాను.

మే 4
ఏమీ మిగల్లేదు. ఉత్త మట్టి. బాబాయి నాలుగు కర్రలు పాతి, పాత దుప్పటి కట్టి దాని మీద పందిరి వేశాడు. వద్దనలేదు.

మే 11
టీచరమ్మ కిందికి దిగింది! మెట్లు అలవాటు చేసుకోమని డాక్టరు ఎప్పుడో చెప్పినా ససేమిరా అన్న మనిషి. మొక్క పోయిందని బాబాయి అన్నం మానేశాడట, వాడి గోల భరించలేక దిగుతున్నానంది. ఒకవైపు ఆయన, ఒకవైపు నేను. మెట్టుకో తగువు. ఊళ్లో లిఫ్టులన్నీ బాగుచేశావు, నా ఇంటికొకటి పెట్టలేకపోయావురా అని ఆవిడ. అద్దింటికి లిఫ్టేంటే అని ఈయన. మావారు కుర్చీ పట్టుకుని వెనక.

దుప్పటి పక్కన కూర్చోబెట్టాం. ఏదే అంది. మట్టి చూపించాను. మట్టినీ, పైన దుప్పటినీ చూసింది. తర్వాత తమ్ముణ్ణి తిట్టింది, దుప్పటి వంకరగా కట్టావని.

మే 12
ఇవాళా దిగింది. ముగ్గురం మట్టి మీద కాసిని నీళ్లు చిలకరించాం. ఉందా పోయిందా అని ఎవరం అడగలేదు.