నాలుగో ఆప్షన్

అమ్మకు,

నీ త్రివేణి నమస్కారాలు. నేను క్షేమంగా ఉన్నాను. ఆ మాట ముందే రాసేస్తే మిగతాది నువ్వు స్థిమితంగా చదువుతావు. తణుకులో అమ్మమ్మ లేచి నాలుగడుగులు వేస్తోందని నాన్న చెప్పారు. విరిగిన తుంటి పూర్తిగా అతకకముందే నీ పులుసుకు వంకలు పెడుతోందంటే మన మంగాయమ్మగారు కోలుకున్నట్టే.

నువ్వు అడిగినవాటికి జవాబులు. జుట్టు రాలడం తగ్గలేదు. ఇబ్రహీంపట్నం హాస్టల్ నీళ్లకు ఉన్న జుట్టు నిలవడమే గొప్ప. పెరుగు తింటున్నాను, అది పెరుగేనని వాళ్లంటున్నారు కాబట్టి. కెమిస్ట్రీలో మార్కులు బాగానే వస్తున్నాయి. "నీ స్నేహితురాలు జ్యోతి చిక్కిపోయిందన్నావు, నేను పంపిన సున్నుండలు ఆ పిల్లకి పెట్టావా?" అని అడిగావు. దానికి జవాబు కాస్త ఆగి రాస్తాను.

ముందు మేం చదివే పద్ధతి చెప్పాలి. సాయంత్రం టీ తాగాక నేనూ, హిమజ, రమ, అరుణజ్యోతి వరండాలో కూర్చుని ఎంట్రెన్స్ బిట్లు చేసేవాళ్లం. ప్రతి బిట్టుకూ నాలుగు ఆప్షన్లు, మేమూ నలుగురం. ఒకటి నాది, రెండు హిమజది, మూడు రమది, నాలుగు జ్యోతిది. ఎవరి ఆప్షన్‌కి వాళ్లే వకీలు. తప్పని తెలిసినా వాదించాల్సిందే. ఓడిపోతే ఎందుకు తప్పో ఒప్పుకుని తప్పుకోవాలి. జ్యోతికి నాలుగంటే మహా ఇష్టం. చాలా బిట్లలో అది 'పైవేవీ కావు' అని ఉంటుంది కదా. "మీరు ముగ్గురు కొట్లాడుండ్రి, నేను ఉత్తగ కూసొని గెలుస్త" అనేది.

జ్యోతి వాళ్ల నాన్న సాయన్న ఇబ్రహీంపట్నం చెరువులోనే చేపలు పడతాడు. ఇల్లు అంత దగ్గరున్నా, హాస్టల్లో ఉంటేనే కాలేజీలో సీటు అన్నారని ఆమెను హాస్టల్లో చేర్చాడు.

కొన్నాళ్లుగా ఆ పిల్ల ఆపకుండా నీళ్లు తాగేది. స్టడీ అవర్లో బాత్రూమ్‌కి ఒక్కసారే పంపుతారు. రెండోసారి లేస్తే చదువు ఎగ్గొట్టే వేషాలని వార్డెన్ కసిరేది. డ్రెస్సులు వదులైపోతుంటే డైటింగా అని మేం ఏడిపించాం. తర్వాత ఆమె మాట్లాడితే ఒక వాసన రావడం మొదలైంది. తియ్యగా, ఘాటుగా, అచ్చం నెయిల్ పాలిష్ వాసన. అది హాస్టల్లో నిషేధం.

"ఏడ దాచినవే?" అంది హిమజ.

"అవ్వతోడు, నా దగ్గర ఏం లేదే" అంది జ్యోతి.

ఆ మాట వార్డెన్ చెవిన పడింది. వచ్చి జ్యోతి పెట్టె నేల మీద బోర్లించింది. ఏమీ దొరకలేదు, అయినా తిట్లు తప్పలేదు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను అమ్మా.

ఆ సాయంత్రమే ఈ బిట్టు వచ్చింది. షుగర్ వ్యాధి అదుపు తప్పిన వారి ఊపిరిలో వచ్చే ప్రత్యేకమైన వాసనకు కారణం ఏది? ఒకటి ఇథనాల్, రెండు అమ్మోనియా, మూడు ఫార్మాల్డిహైడ్, నాలుగు ఎసిటోన్.

ఇథనాల్ తరఫున నేను కాసేపు దబాయించాను. జ్యోతి గోడకు ఆనుకుని, నీళ్లు తాగి, నీరసంగా చెప్పింది.

"చక్కెర ఒంటికి పట్టకపోతే కొవ్వు కరుగుతది. అప్పుడు కీటోన్లు పుడతయ్. గా కీటోన్లల్ల ఒకటి ఎసిటోన్, అది ఊపిరిల బయటికొస్తది. నెయిల్ పాలిష్ రిమూవర్ల గూడ గదే ఉంటది. నాదే కరెక్టు."

నలుగురం నాలుగుకి టిక్కు పెట్టి పేజీ తిప్పాం. ఆ వాసన మా మధ్యే ఉంది. బిట్టంటే మార్కు కోసమే అని ఎంతగా అలవాటైపోయిందంటే, ఆ జవాబు తన గురించేనని ఆమెకే తట్టలేదు.

తర్వాత వాంతులు మొదలయ్యాయి. "గ్రాండ్ టెస్ట్ ముందు అందరికీ కడుపునొప్పే" అని వార్డెన్ గ్యాస్ బిళ్ల ఇచ్చింది. ఇంటికి ఫోన్ చేయమని జ్యోతి బతిమాలితే పరీక్ష అయ్యాక చూద్దామంది. పరీక్ష రాస్తూ రాస్తూ రొప్పుకుంటూ బల్ల మీద తల వాల్చింది. నిద్రపోతోందనుకున్నారు. లేపితే లేవలేదు. ఆ ఊరి దవాఖానకు, అక్కణ్ణుంచి సిటీకి తీసుకెళ్లారు. మర్నాడు చనిపోయింది.

సున్నుండలు పెట్టాను. ఒకటి తిని, మీ అమ్మకు మంచిగున్నయని రాయి అంది. జ్యోతిది షుగరేనని, కానీ అది స్వీట్లు తింటే వచ్చే రకం కాదని నాన్న అడిగితే డాక్టర్ చెప్పాడు. నువ్వు ఆ బరువు మనసులో పెట్టుకోకు.

ఇక దాచిన మాట. ఈ ఉత్తరం హాస్టల్ నుంచి కాదు, హయత్‌నగర్‌లో మన ఇంట్లోంచి రాస్తున్నాను. నన్ను పంపేశారు. నాన్నే వచ్చి తీసుకొచ్చారు. ఫోన్‌లో అయితే సగంలోనే ఏడ్చి పెట్టేస్తాను. అందుకే రేపు తణుకు వస్తున్న నాన్న చేతికి ఇది ఇస్తున్నాను. కాలేజీ వాళ్లు ఫోన్ చేసి మీ అమ్మాయి మా పరువు తీసిందంటే, అది నిజమే. ఎంట్రెన్స్ ఇక్కడే చదువుకుని రాస్తాను.

జరిగింది ఇది. ఎవరడిగినా, జ్యోతి ఇంటి నుంచే జబ్బుతో వచ్చింది, మాకేమీ చెప్పలేదు అనాలని ప్రిన్సిపాల్ మా ముగ్గురికీ నేర్పాడు. సాయన్న పెట్టె తీసుకెళ్లడానికి వచ్చాడు. ప్రిన్సిపాల్ పక్కనే నిలబడ్డాడు.

"మా పోరి ఇంటికాడ్నే బీమారుండెనట గదా బిడ్డా" అన్నాడు సాయన్న. "నాకు తెల్వకపాయె. కన్నతండ్రినై ఉండి సూడకపోతి. మీకేమన్న చెప్పిందా?"

రమ నేల చూసింది. హిమజ ఏడ్చింది. అంత అబద్ధాన్ని ఆయన నెత్తిన పెట్టి పంపడం నా వల్ల కాలేదు. దాహం దగ్గర నుంచి ఫోన్ కోసం బతిమాలడం వరకూ అంతా చెప్పేశాను. పెట్టె బోర్లించడం, మేం నవ్వడం, ఆ బిట్టు కూడా. ప్రిన్సిపాల్ గద్దించినా ఆపలేదు.

కొడతాడనుకున్నాను. సాయన్న వంగి పెట్టె గడియ సరిచేశాడు.

"గా ప్రశ్నకు మా జ్యోతే చెప్పిందా?"

"జ్యోతే చెప్పింది బాబాయ్."

"కరెక్టేనా?"

"కరెక్టే."

తలూపి, పెట్టె భుజానికెత్తుకుని వెళ్లిపోయాడు.

ఇట్లు,
నీ కూతురు
త్రివేణి