నా సేఫ్టీ కోసం

జూలై 3
ఇవాళ కూడా కెమిస్ట్రీ ల్యాబ్ గుమ్మం దగ్గరే ఆపేశారు. నా వీల్‌చెయిర్ లోపల తిరిగితే అందరికీ అడ్డమట. ఏదైనా ఒలికితే నేను పరుగెత్తలేనట. నీ సేఫ్టీ కోసమేనమ్మా అన్నారు హెచ్‌ఓడీ సార్. నా క్షేమం కోసం ఇంతగా తపించిపోయే మనిషి మా ఇంట్లో కూడా లేరు.

ఒక్క బెంచీ కొంచెం దించితే చాలు సార్, కింద మోకాళ్ళు పట్టేంత చోటుంటే చాలు అన్నాను. బడ్జెట్ లేదన్నారు. వరండాలో ఉండి, నా ల్యాబ్ పార్ట్‌నర్ లోపల్నుంచి చెప్పే రీడింగులు రాసుకున్నాను. దాని పేరు తొందర. మెట్లు దూకుతూ దిగుతుంది కాబట్టి క్లాసంతా అలాగే పిలుస్తుంది.

జూలై 10
మళ్ళీ అడిగాను. మళ్ళీ వరండా.

జూలై 22
ప్రిన్సిపాల్ మేడమ్‌ని కలిశాను. ఆవిడ ఫోన్‌లో ఏమన్నారో గానీ, సార్ మొహం మాడ్చుకుని లోపలికి రమ్మన్నారు. బెంచీ మాత్రం దించలేదు. నా గడ్డం దాని అంచుకు ఆనుతోంది. టెస్ట్‌ట్యూబులన్నీ ముక్కుకి ఎదురుగా. యాసిడ్ పడితే కడుక్కునే ఎమర్జెన్సీ షవర్ చుట్టూ జానెడు గట్టు, నా చక్రం ఎక్కదు.

అయితేనేం, లోపలున్నాను! కాపర్ సాల్ట్‌లో అమ్మోనియా చుక్కలు నా చేత్తో వేశాను. ముదురు నీలం అని పుస్తకంలో రాస్తారు. ఆ రాసినవాళ్ళు ఒక్కసారైనా చూశారా అని నా అనుమానం.

ఆగస్టు 5, సాయంత్రం
సాల్ట్ అనాలిసిస్, అంటే ఇచ్చిన లవణంలో ఏ లోహం ఉందో తేల్చాలి. తొందర హడావుడిలో కాన్సంట్రేటెడ్ సల్ఫ్యూరిక్ యాసిడ్ సీసాకి చెయ్యి తగిలించి ఒలికించింది. అయ్యయ్యో అంటూ గుడ్డతో తుడిచేసింది. కొంచెమే కదా అనుకున్నాం. నేను నా పనిలో ఉన్నాను. జింక్! ఎవరి సాయం లేకుండా తేల్చాను. ఆ సంబరంలో కిందికి చూసుకుంటే ఏప్రన్‌కి చిల్లు. దాని కింద ప్యాంటుకి చిల్లు. దాని కింద తొడ.

బెంచీ అంచు నుంచి నా ఒళ్ళోకే కారింది. నాకు నడుము కింద స్పర్శ లేదు. ఎంతసేపు కాలిందో నాకే తెలియదు.

తొందర బీకర్లతో నీళ్ళు మోసుకొచ్చి పోసింది. సార్‌కి చెబుదామంది. వద్దే, చెబితే ఈ తలుపు మళ్ళీ తెరవరు అన్నాను. ఎవరికీ చెప్పనని ఒట్టేసింది.

ఆగస్టు 8
జ్వరం. వానలో తడిశానని చెప్పాను.

ఆగస్టు 11
దుప్పటి మార్చబోయి అమ్మ చూసేసింది. హాస్పిటల్లో పడ్డాను. నొప్పి లేదు కదా అని ఊరుకున్నావా, ఇంకొన్నాళ్ళయితే ఎముక దాకా పోయేది అని డాక్టర్ కేకలేశారు. అమ్మ కేకలెయ్యలేదు. అదే భరించలేకపోయాను. జింక్ తేల్చానమ్మా అన్నాను. అమ్మ నా జుట్టు సవరించింది.

ఆగస్టు 20
అమ్మ కాలేజీకి వెళ్ళొచ్చింది. కూర్చునే పిల్లకి మెడదాకా వచ్చే బెంచీ ఏమిటండీ అని అడిగిందట. అలాంటి పిల్లని ల్యాబ్‌కి ఎందుకు పంపారు అని సార్ ఎదురడిగారట. ఆ మీదట ఒక కాగితం చూపించారట. వీల్‌చెయిర్ గుద్దుకుని సీసా పడిందని రాసుంది. కింద తొందర సంతకం.

ఆగస్టు 21
తొందర వచ్చింది. నేను హాస్పిటల్లో పడ్డానని తెలియగానే సార్ పిలిచి, సంతకం పెట్టకపోతే టీసీ ఇస్తామన్నారట. సీటు పోతే మా నాన్న నన్ను మళ్ళీ చదివించడే అని ఏడ్చింది. నిజమే అయ్యుంటుంది. దాని నాన్న నాకు తెలుసు. అందుకే తిట్టలేకపోయాను. తిట్టగలిగితే బాగుండేది. వెళ్ళిపో అన్నాను. మొట్టమొదటిసారి అది నెమ్మదిగా నడిచి వెళ్ళింది.

సెప్టెంబర్ 2
ల్యాబ్ తలుపు మీద నోటీసు. నిలబడి పని చేయలేని విద్యార్థులకు, వారి క్షేమం దృష్ట్యా, ప్రవేశం లేదట. నేను కాక ఇంకెవరున్నారు ఈ కాలేజీలో? పేరు రాసేస్తే సిరా అయినా మిగిలేది. ప్రిన్సిపాల్ మేడమ్ ఈసారి ఫోన్ ఎత్తలేదు.

ఏప్రిల్ 18
కెమిస్ట్రీ ప్రాక్టికల్స్‌లో నాకు యాభైకి యాభై. పరీక్ష రోజున నేను ఇంట్లో ఉన్నాను.

మార్కులు సరిచేయమని ఆఫీసుకి వెళ్ళాను. ఎన్ని తగ్గాయమ్మా అన్నాడు గుమాస్తా. సున్నా రావాలండీ, ఇప్పించండి అన్నాను. నవ్వాడు. పక్క టేబుల్ వాళ్ళని కూడా పిలిచి చెప్పాడు. వాళ్ళూ నవ్వారు.

నవ్వడం అయ్యేదాకా అక్కడే ఉన్నాను.