తువ్వాలు రెండో కొస

హైదరాబాదు,
ఆదివారం మధ్యాహ్నం.

అన్నయ్యకి, ఈ ఉత్తరం చదివి వినిపిస్తున్న వదినకి,

పద్మ నమస్కారాలు. ఇక్కడ నేనూ, మీ బావగారూ, చిన్నదీ బాగానే ఉన్నాం. అక్కడ మీరూ క్షేమమని తలుస్తాను అని రాయాలి గానీ, అన్నయ్యా, నువ్వు క్షేమంగా లేవని నాకు తెలుసు. అందుకే ఈ ఉత్తరం. ఫోనులో అయితే నేను రెండు మాటలు అనేసరికి "ఆయ్, సరేలేమ్మా, వదినకిస్తున్నాను" అని తప్పించుకుంటావు. కాగితం మీద నన్ను ఆపడం నీ వల్ల కాదు. వదినా, ఇందులో నీ మీద కూడా నాలుగు ముక్కలు ఉన్నాయి. దాటేయకుండా చదువు. దాటేస్తే నీ గొంతులోనే అన్నయ్యకి తెలిసిపోతుంది.

సార్వా కోతలు అయిపోయాయా? దాళ్వాకి నారు పోయించారా? ఇక్కడ చలి బాగా ఉంది. మిఠాయి కొట్టులో పని మామూలే. పొద్దస్తమానం కుండ ముందు కూర్చుని పూతరేకులు తీస్తాను కాబట్టి ఈ చలికి ఆ వేడి హాయిగానే ఉంటుంది. వేసవి సంగతి దేవుడెరుగు. తిండికి ఏ లోటూ లేదు. కొబ్బరికాయ డబ్బిచ్చి కొనాలంటేనే చెయ్యి రాదు. మన దొడ్లో కాయని మనకే అమ్ముతున్నట్టు ఉంటుంది.

పోయిన నెల నువ్వు ఫోనులో ఒక మాట అన్నావు. పొలం వైపు వెళ్ళావా అని నేను అడిగితే, "ఇంకెక్కడికెళ్తానే, ఈ అరుగే నా పొలవనుకుంటన్నాను" అన్నావు. నీటికాసులు నీ రెండు కళ్ళూ తీసుకెళ్ళి ఏడాది అవుతోంది. మొదట్లో చేతికర్ర పట్టుకుని వెళ్ళేవాడివి. చేలోకి వెళ్ళే దారిలో బోదె కాలువలో పడిన రోజు నుంచి అరుగు దిగడం లేదు. ఆ మాట విన్నాక నాకు అన్నం సహించలేదు. మండపేట మిల్లుకి ధాన్యం వెళ్ళే రోజు లారీ కంటే ముందు గట్టు మీద నిలబడే మనిషివి నువ్వు.

ఇక అసలు సంగతి. మా కింది వాటాలో రాజమణి గారని ఉన్నారు. కరీంనగర్ వైపు వాళ్ళు, బ్యాంకులో ఫోన్ల దగ్గర ఉద్యోగం. పుట్టుకతోనే చూపు లేదు. ఆవిడ పరుగు పందేలకి వెళ్తారు. వదినా, ఆగకు, నేను సరిగ్గానే రాశాను. ఒక పొట్టి తాడు ఉంటుంది. ఒక కొస ఆవిడ పట్టుకుంటారు, రెండోది పక్కన పరిగెత్తే మనిషి పట్టుకుంటుంది. ఆ మనిషికి వేరే ఊరు బదిలీ అయిందట. పాల ప్యాకెట్లు తెచ్చుకునే చోట, పొద్దున్నే తనతో వస్తావా అని నన్ను అడిగారు. నేను నడక అనుకుని తలూపాను. తలూపితే ఆవిడకి కనపడదని గుర్తొచ్చి "ఆయ్, అలాగేనండీ" అన్నాను. మూడేళ్ళుగా ఈ బిల్డింగులో నన్ను పేరు పెట్టి పిలిచిన మొదటి మనిషి ఆవిడే. కాదనడానికి నోరు రాలేదు.

మా పేట పక్కన పెద్ద పార్కు ఉంది. పార్కు అంటే పూల మొక్కలూ బల్లలూ అనుకునేరు. లోపలంతా బండరాళ్ళు, చెట్ల మధ్య మట్టిదారులు, ఎక్కుళ్ళూ దిగుళ్ళూ. మనకి కాలువ గట్టు ఎక్కితే అదే కొండ కదా. ఎక్కడం ఎలాగో ఎక్కాను గానీ, దిగుతూ పరిగెత్తడం నాకు చేతకాదు. మొదటిరోజు నేనే చతికిలబడ్డాను, ఆవిడ నిలబడే ఉన్నారు. పైగా ఎదురొచ్చిన వాళ్ళందరినీ ఆగి పలకరించేదాన్ని. "ఎవరు?" అని ఆవిడ అడిగితే "తెలీదండీ" అనేదాన్ని. ముందు ఎవరైనా పెద్దాయన మెల్లగా పరిగెడుతుంటే ఆయన వెనకాలే మెల్లగా వెళ్ళేదాన్ని. పెద్దవాళ్ళని తోసుకుని ముందుకు ఎలా పోతాం చెప్పు.

ఆవిడ పడింది మాత్రం నా మర్యాద వల్లే. దారికి అడ్డంగా చెట్టు వేరు కనపడింది. నేను "అండీ, ఏవనుకోకండి, కాస్త ఎడం పక్కకొస్తారా, ఇక్కడ..." అంటూండగానే కాలు తగిలి బోర్లా పడ్డారు. మోకాలు చెక్కుకుపోయింది. ఆవిడ దుమ్ము దులుపుకుంటూ నవ్వారు.

"నీ అండి అయిపోయేలోపట నేను కింద పడ్డ. గా మర్యాదలన్నీ ఇంటికాడ పెట్టి రా పద్మా. వేరుంటే వేరు అను, సాలు."

"పెద్దవారు కదండీ, అలా ఎలా అనేస్తానండీ?"

"మళ్ల అండి."

ఆ పడడంతో నాకు భయం పట్టుకుంది. మర్నాటి నుంచి రాయి కనపడితే చాలు, తాడు వదిలేసి ఆవిడ రెక్క పట్టుకుని లాగేదాన్ని. కొన్నాళ్ళు ఊరుకున్నారు. ఒకరోజు దిగుడు దగ్గర టక్కున ఆగిపోయారు.

"చెయ్యి ఇడువు."

"పడిపోతారండీ."

"నువ్వు గట్ల గుంజుతుంటే నా కాళ్లు ఏడున్నయో నాకే తెలుస్తలేదు. ఏది, కండ్లు మూస్కో నువ్వు."

నా చున్నీతో నాకే కళ్ళకి గంతలు కట్టించారు. ఆ దారి ఆవిడ పాదాలకి బాగా తెలుసు. నా రెక్క పట్టుకుని నాలుగడుగులు లాక్కుపోయారు. అన్నయ్యా, నాకు ప్రాణం పోయినంత పనైంది. నేల ఎక్కడుందో, నా కాలు ఎక్కడుందో తెలియలేదు. బియ్యం బస్తాని ఈడ్చుకెళ్తున్నట్టు నన్ను ఎవరో ఈడ్చుకెళ్తున్నారు. తర్వాత చెయ్యి వదిలేసి, తాడు కొస నా చేతిలో పెట్టి, ఆవిడ ముందు నడిచారు. "రాయి. కుడికి. దిగుడు, చిన్నడుగు." అంతే. ఆ మాటలతో నా కాళ్ళు నాకు తిరిగొచ్చాయి.

అప్పుడు ఆ చీకట్లో నాకు నువ్వు గుర్తొచ్చావు.

కాలువ గట్టు చివర, మన చేలోకి వెళ్ళడానికి బోదె మీద తాటిదుంగ ఉండేది కదా. నేను దాని దగ్గరికొచ్చి ఏడ్చేదాన్ని. చెయ్యి పట్టుకుని దాటిస్తే ఇద్దరం పడతామని నువ్వు నీ తువ్వాలు కొస నా చేతికిచ్చేవాడివి. "కళ్ళు మూసేసుకో, నీళ్ళు చూత్తే భయవేత్తాది. నే చెప్పినట్టు అడుగెయ్యి" అనేవాడివి. నువ్వు ముందు నడుస్తూ "ఎడం కాలు. ఇక్కడ నున్నగా ఉంది. పగులొచ్చింది, చిన్నడుగు. ఇంక గట్టే" అనేవాడివి. నేను కళ్ళు తెరిచేసరికి అవతల ఉండేదాన్ని. అమ్మకి చెప్పొద్దని ఒట్టు కూడా వేయించుకున్నావు. ఒక్కసారి కూడా నన్ను లాగలేదు. ఒక్కసారి కూడా నేను పడలేదు.

గంతలు విప్పాక అక్కడే బండ మీద కూర్చుని ఏడ్చాను. రాజమణి గారు పక్కన కూర్చుని ఏమైందని అడిగితే అంతా చెప్పాను. "మీ అన్నకు పని వచ్చుగద. ఊకెనే కూసోవెడ్తిరి" అన్నారు.

వదినా, ఈ ముక్క గొంతు తగ్గించకుండా చదువు. బోదెలోంచి అన్నయ్యని ఎత్తుకొచ్చింది నువ్వే. ఆ రోజు నీ చీరంతా బురద, నీ గుండె ఎలా కొట్టుకుందో నాకు తెలుసు. అప్పటి నుంచి మంచం మీంచి లేస్తే రెక్క పట్టుకుంటున్నావు, నూతి దగ్గరికి వెళ్తే రెక్క పట్టుకుంటున్నావు. అది ప్రేమ కాదంటే పాపం. నేనూ అదే ప్రేమతో రాజమణి గారిని లాగాను. కానీ నువ్వు పట్టుకోకు వదినా. అన్నయ్యని పట్టుకోనివ్వు. తువ్వాలు ఒక కొస ఇచ్చి నువ్వు ముందు నడువు. "బోదె" అంటే చాలు, "ఏవండీ, జాగర్తండీ, చూసుకోండి" అంటే ఈలోగా మనిషి బోదెలో ఉంటాడు.

అన్నయ్యా, నీకు దారి చూపమని వదినకి చెప్పడం లేదు. ఆ గట్టు నీకు తెలిసినంత ఊళ్ళో ఎవరికి తెలుసు? ఏ మాట ఎప్పుడు అనాలో నువ్వే వదినకి నేర్పు. నేర్పడం నీకు వచ్చు. నువ్వు నేర్పిన విద్యతోనే నేను ఇక్కడ ఒక మనిషిని పరిగెత్తిస్తున్నాను. ఈ వేళ పొద్దున్న పార్కంతా ఒక చుట్టు తిరిగి వచ్చాం, ఎవరమూ పడలేదు. ఒక పెద్దాయనని కూడా దాటాం. దాటుతూ ఆయనకి దణ్ణం పెట్టాననుకో, ఆవిడకి చెప్పలేదు.

పై నెలలో ఆవిడకి పందెం ఉంది. గెలుస్తామని కాదు, పడకుండా చివరికంటా వెళ్ళాలని మమ్మల్ని ఆశీర్వదించండి. నా ఆరోగ్యానికి ఏమీ కాలేదు, పరుగు వల్ల ఒళ్ళు తేలికపడింది, బెంగ పెట్టుకోకండి. మీ బావగారు మీ ఇద్దరికీ నమస్కారాలు చెప్పమన్నారు. పెద్దమ్మకి, వీధిలో పెద్దలందరికీ నా దణ్ణాలు. ఎవరైనా ఇటు వస్తుంటే మన చెట్టు కాయలు నాలుగు పంపండి, ఇంక కొనలేను.

ఇంకొక్కటి అడుగుతాను, కాదనకు. బోదె మీద ఆ తాటిదుంగ ఇంకా ఉందో, తీసేసి సిమెంటు పలక వేశారో నాకు తెలుసుకోవాలని ఉంది. వదిన చూసి చెప్తే ఒప్పుకోను. అన్నయ్యా, నువ్వే గట్టు చివరిదాకా వెళ్ళి, కాలితో తడిమి చూసి, నాకు చెప్పాలి.

నీ తువ్వాలు రెండో కొస పట్టుకుని నడిచిన
నీ చెల్లెలు,
పద్మ.