కొరియా గుట్ట మీద రాయి

అన్నా,

ఈ ఆదివారం ఇక్కడ కొరియాలో మా ఫ్యాక్టరీవాళ్లమంతా కలిసి ఒక గుట్ట ఎక్కాం. పైన, ఎక్కినవాళ్లు ఏదో కోరుకుని పేర్చిన రాళ్లు కనబడగానే ఆగిపోయాను.

మన ఆర్మూర్ సిద్ధుల గుట్ట ఎక్కినప్పుడల్లా నువ్వూ రాయి మీద రాయి పేర్చేవాడివి. "గిట్ల పెడితే సొంత ఇల్లయితదిరా. నువ్వు గూడ పెట్టు" అనేవాడివి. మార్కెట్లో పసుపు బస్తాలు అలవోకగా ఎత్తేసేవాడివి, ఆ చిన్న రాళ్లు పడిపోతాయేమోనని ఊపిరి బిగబట్టేవాడివి.

మా మేస్త్రీ నా చేతికో రాయిచ్చి, నువ్వూ కోరుకో అని సైగ చేశాడు.

పోయిన నెలే మన కొత్తింటి గృహప్రవేశం అయిందన్నా. దండ వేసిన నీ ఫొటో వదిన ముందుగదిలో పెట్టిందట.

ఇంకేం కోరుకోవాలో తోచలేదు. రాయిని జేబులో వేసుకుని దిగొచ్చాను.