వంటింటి దాకా వచ్చిన తీగ

సోమవారం, ఎమ్మిగనూరు

జ్వరంతో పోయిన నా కొడుకు వీరన్నకు నిన్న సంవత్సరీకం పెట్టినాము. చావు జరిగిన ఇల్లని ఏడాదిగా రేడియో ముట్టలేదు, గోడలకు సున్నమూ కొట్టలేదు. ఈ రోజు సున్నం కొట్టడానికి మా తమ్ముడు వచ్చాడు.

ఆ ఒక్క రేడియో నుంచి వీరన్న గోడల వెంట తీగలు లాగి, వంటింట్లో నాకొక స్పీకరు పెట్టె, మగ్గం గదిలో వాళ్ల నాయనకొకటి తగిలించాడు. "నువ్వు పొయ్యి ఇడ్సవు, నాయన మగ్గం ఇడ్సడు. పాటే మీ కాడికి రావల్ల," అని నవ్వేవాడు.

"ఈ తీగలు పీకేద్దామా అక్కా? సున్నానికి అడ్డమొస్తాండాయి," అన్నాడు తమ్ముడు. అవి పోతే వీరన్న చేతి పని ఈ ఇంట్లో ఇంకేం మిగులుతుంది?

మా ఆయన మగ్గం గుంతలోంచి లేచి వచ్చాడు. "తీగ మిందనే కొట్టప్పా, పీకొద్దు," అని రేడియో తిప్పి, మళ్లీ పోయి మగ్గంలో కూర్చున్నాడు.

వంటింటి పెట్టె కాసేపు గరగరమని, పాట అందుకుంది. రేడియో పెట్టినప్పుడల్లా వీరన్న నడవలో నిలబడి, "ఇద్దరికీ ఇనపడతాందా?" అని అరిచేవాడు. ఈ రోజు ఎవరూ అడగలేదు. అయినా నా నోట "ఇనపడతాందప్పా" అని వచ్చేసింది.

మగ్గం చప్పుడు ఆగింది. "నాకూ ఇనపడతాంది నాయనా," అన్నాడాయన, ఆ గదిలోంచి.