చెప్పు కోసి చేసిన కప్ప

నాన్నా, నీ ఫోను ఆపేసి ట్రంకుపెట్టెలో పెట్టారని తెలుసు. అయినా బాబాయి ఫోన్లోంచి నీ నంబరుకే పంపుతున్నాను.

అమావాస్య వెళ్ళిన మూడో రోజే కొరమేను పైకొచ్చి కప్పని పడుతుందనేవాడివి. నువ్వు పోయాక ఇదే మొదటి అమావాస్య. నాకు ఆగబుద్ధి కాలేదు. రెండో రోజే, ఇవాళ పొద్దున్నే గేలం పట్టుకుని కొల్లేరు గట్టుకెళ్ళిపోయాను. నువ్వు గేలానికి ఎరగా కట్టే రబ్బరు కప్ప చిరిగిపోయింది. అందుకని గుమ్మం దగ్గరున్న నీ హవాయి చెప్పుల్లో ఒకటి కోసి, నువ్వు చేసినట్టే కొత్తది చేశాను. ఆ చెప్పుల్ని అమ్మ ఎవర్నీ ముట్టుకోనివ్వట్లేదు. తనకి చెప్పలేదు.

గుర్రపుడెక్క పక్కన నీళ్ళ మీద గెంతిస్తుంటే పెద్దదే పట్టింది. దారం తెంపుకుని కప్పతో సహా పోయింది. ఇంటికి రావాలంటే భయమేసి గట్టు మీదే అటూ ఇటూ తిరిగాను.

వచ్చేసరికి అమ్మ ఒంటి చెప్పు పట్టుకుని గుమ్మంలో కూర్చుంది.

"ఎక్కడికెళ్ళావురా?"

"గేలానికమ్మా. కప్ప పోయింది."

"మీ నాన్న లెక్కన మూడో రోజు రేపు కదరా" అని ఆ చెప్పు నా చేతిలో పెట్టింది. "ఈసారి దారం గట్టిది కట్టు."

ఇప్పుడదే కోస్తున్నాను. నీ బొటనవేలి గుంట పడిన ముక్క మాత్రం పక్కన పెట్టాను.