చెప్పులు తొడగని మొక్కు

న్యూ సెటిల్‌మెంట్, ఖరగ్‌పూర్
2-6-1964

అమ్మకు నమస్కారాలు. నీ మాట లేకుండా మొక్కు విషయం తేల్చలేను కనుక వెంటనే రాస్తున్నాను. రక్తం పట్టే మాత్రలు మానిన ప్రతిసారీ నాకు మళ్లీ రక్తం ఎందుకు తగ్గిపోతోందో ఇక్కడి ఆసుపత్రిలో తెలిసింది. కడుపులో కొంకిపురుగులున్నాయట, అవి తడిమట్టిలోంచి అరికాళ్ల గుండా ఎక్కుతాయట. నాకు రక్తం పట్టేదాకా చెప్పులు తొడిగించనని నువ్వు పైడితల్లికి మొక్కావు కదా, మూడేళ్లుగా ఉత్తకాళ్లతోనే తిరుగుతున్నాను.

"ఏటే పిల్లా, ఒకపక్క మందు మింగుతన్నావు, ఇంకోపక్క పురుగుల్ని పిలుస్తన్నావు! సెప్పులేసుకుంటే అమ్మోరు కోప్పడతాదేటి?" అని నర్సు హైమవతిగారు నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

పురుగులకు మందు వేసుకున్నాను, భయపడకు. తమ్ముడి దగ్గు తగ్గిందా? ఆ మొక్కుకు బదులు ఏం చెల్లించాలో పూజారిగారిని అడుగు. పదిహేనున మా బడి తెరుస్తారు. పాఠం చెప్పడానికి చెప్పులతో వెళ్లాలో, ఉత్తకాళ్లతో వెళ్లాలో ఆలోపల రాయించు.

నీ నూకరత్నం